గోడ చెప్పే పాఠం

చిత్రకళ అనగానే మనలో చాలామందికి చట్రంలో బిగించిన పటమే గుర్తుకొస్తుంది. కాని గోడనే పటంగా చేసుకునే కళ ఒకటుంది. అదే కుడ్యచిత్రం, అంటే మ్యూరల్. బి.యస్సీ. చదివేవాడికి ఈ బొమ్మల గొడవ ఎందుకని మిత్రులు అడగవచ్చు. ఇందులో లెక్క ఉంది, కెమిస్ట్రీ ఉంది, మా రైతుల ఇళ్ళలోని ముగ్గు కూడా ఉంది.

ముందు లెక్క. గోడకు బొమ్మ వేసేవాడు మొదట ఆర్కిటెక్టులా గీయడం నేర్వాలి. పైనుంచి చూసినట్టు గీస్తే ప్లాను, ఎదురుగా చూసినట్టు గీస్తే ఎలివేషన్, నిలువునా కోసినట్టు గీస్తే సెక్షన్. కిటికీ ఎక్కడుంది, వాననీరు ఎటు జారుతుంది అన్నది వీటిలోనే తేలుతుంది. 1:50 స్కేలులో 10 మీటర్ల గోడ కాగితం మీద 20 సెంటీమీటర్లే. కాగితంపై సెంటీమీటరు గళ్ళు, గోడపై అరమీటరు గళ్ళు కొట్టి, గడికి గడి చొప్పున బొమ్మను పెంచుతారు. చుక్కలు పెట్టి ముగ్గు కలిపే మా అమ్మది కూడా దాదాపు ఇదే పద్ధతి!

ఇక కెమిస్ట్రీ. తడి సున్నపు గచ్చు మీద రంగు వేస్తే, ఆ సున్నం గాలిలోని కార్బన్ డయాక్సైడును పీల్చుకొని కాల్షియం కార్బొనేటుగా గట్టిపడుతుంది. రంగు అందులోనే ఇరుక్కుపోతుంది. అందుకే ఒక రోజులో ఎంత వేయగలరో అంతే గచ్చు పూస్తారు. సున్నానికి తట్టుకునే రంగుల్లో మా ఇళ్ళ అరుగులకు పూసే జాజు ఒకటి. అది ఇనుప ఆక్సైడు గల ఎర్రమన్ను.

ఈ రెండు విద్యలకూ మన నగరంలో ఒకే చోటుంది. 1940లో కళాపాఠశాలగా మొదలైన సంస్థ తర్వాత లలితకళలు, వాస్తుశిల్పం రెండూ నేర్పే కళాశాల అయింది. 1972లో జె.ఎన్.టి.యు.లో చేరి, 2008లో ప్రత్యేక విశ్వవిద్యాలయమైంది. నాటి మెదక్ జిల్లా నిజాంపూర్‌లో 1940లో పుట్టిన కె. లక్ష్మా గౌడ్ ఆ కళాశాలలోనే చదివారు. 1963లో బరోడా వెళ్ళి కె.జి. సుబ్రమణ్యన్ దగ్గర కుడ్యచిత్రణ నేర్చుకున్నారు. లక్నో రవీంద్రాలయ గోడను కాల్చిన మట్టి పలకలతో తీర్చిన గురువు ఆయన. పల్లె చేతిపనిని చదువుగా గౌరవించిన గురువు కూడా. లక్ష్మా గౌడ్ తిరిగొచ్చి, తర్వాతి కాలంలో హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పారు. ఆయన బొమ్మల్లో పల్లె మనుషులే ఎక్కువ.

మరి మా ఊళ్ళో ఏం జరుగుతోంది? మట్టిగోడలు పోయి సిమెంటు వచ్చింది. అది మంచిదే, వానాకాలం భయం తీరింది. కాని జాజు పూసే చేతులకు పని పోయింది. వాళ్ళకు తెలిసినది ఎవరూ రాసిపెట్టలేదు. కొలత తెలిసిన విద్యార్థి, గోడ తెలిసిన ఆ తల్లులు ఒకచోట కూర్చుంటేనే ఈ విద్య నిలుస్తుంది.

2016లో రాజ్‌భవన్ దగ్గరి ఎం.ఎస్. మక్తాలో ఇళ్ళ గోడలపై చిత్రకారులు పెద్ద పెద్ద బొమ్మలు వేశారు. బషీర్‌బాగ్ నుంచి అశోక్‌నగర్ దాకా కోచింగ్ కాగితాలు అంటించిన గోడలు మనకూ ఎన్నో ఉన్నాయి. యూనియన్ మిత్రులకు నా మనవి ఒక్కటే. వచ్చే ఏడు ఒక్క గోడను ఎంచుకుందాం. రంగు కొనకముందే దాన్ని కొలుద్దాం. చెమ్మ ఉందేమో చూద్దాం, ఎందుకంటే చెమ్మతో వచ్చే ఉప్పు ఎంత మంచి రంగునైనా పెచ్చులుగా ఊడగొడుతుంది. అన్నిటికన్నా ముందు, ఆ గోడ పక్కన బతికేవాళ్ళను ఏం బొమ్మ కావాలని అడుగుదాం. రోజూ దాన్ని చూసేది వాళ్ళే కదా!