కిరణచికిత్స పొందిన చర్మముపై గాయము ఏల త్వరగా మానదు?

కూరగాయలు తరుగునపుడు వ్రేలు తెగినచో మనము దానిని అంతగా లెక్కచేయము. వారము పది దినములలో అది తనంతట తానే మానిపోవును. కాని కాన్సరు వ్యాధికి కిరణచికిత్స పొందినవారి సంగతి వేరు. కిరణములు సోకిన చోట శస్త్రచికిత్స చేసినను, దవడపై కిరణములు పడిన కొన్ని యేండ్లకు పన్ను పీకించుకొన్నను, కొందరిలో ఆ గాయము నెలల తరబడి పచ్చిగానే ఉండిపోవును. ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతములవారు ఈ చికిత్సకై కర్నూలు, బళ్లారి, హైదరాబాదు వంటి నగరములకు పోవుదురు. చికిత్స ముగిసి ఊరు చేరిన పిమ్మట ఆ చర్మమును కాపాడుకొనవలసినవారు రోగియు, ఇంటివారునే. కనుక ఆ చర్మములో ఏమి జరుగునో తెలిసికొనుట పరీక్షలకు మాత్రమే పనికివచ్చు చదువు కాదు.

గాయము మానుట ఎట్లు?

ఎమ్మిగనూరు మగ్గములకు పేరొందిన ఊరు. అచ్చట చిరిగిన బట్టను రఫూ చేయవలెనన్నచో నూలు ఉండవలెను, పనివాడు ఉండవలెను, నూలు వచ్చుటకు బాట ఉండవలెను, ఎంత నేయవలెనో చెప్పువాడును ఉండవలెను. చర్మము విషయమును ఇట్టిదే.

చర్మము తెగిన కొన్ని నిమిషములలోనే రక్తఫలకికలు గుమిగూడి, ఫైబ్రిన్ అను మాంసకృత్తు పోగులతో కలిసి గడ్డ కట్టును. ఆ ఫలకికలు ఊరకుండవు. పి.డి.జి.ఎఫ్., టి.జి.ఎఫ్.-బీటా అను సంకేత ద్రవ్యములను విడుదల చేసి ఇతర కణములను పిలుచును. ఒకటి రెండు దినములలో తెల్ల రక్తకణములు వచ్చి సూక్ష్మజీవులను చంపును. వాని వెనుక వచ్చు భక్షక కణములు చెత్తను తొలగించి, మరమ్మతు ఆరంభింపవలసినదిగా కొత్త సంకేతములను పంపును.

అప్పుడు తంతుకణములు రంగములోనికి దిగును. చర్మమునకు ఇవియే నేతగాండ్రు. ఇవి కొల్లాజెన్ అను గట్టి పోగును తయారుచేయును. వి.ఇ.జి.ఎఫ్. అను సంకేతము వలన సన్నని రక్తనాళములు మొలకలవలె గాయములోనికి పెరిగి ఆక్సిజన్‌ను అందించును. పైచర్మపు అడుగుపొరలోని కణములు విభజన చెంది, అంచుల నుండి జరిగి, గాయమును కప్పివేయును. పిమ్మట కొన్ని నెలల పాటు మొదట వేసిన పలుచని కొల్లాజెన్ స్థానమున గట్టిది చేరుచుండును. ఇంత జరిగినను మచ్చకు మొదటి చర్మపు బలములో సుమారు నూటికి 80 వంతులు మాత్రమే వచ్చును.

కిరణములు చేయు పని

రాంట్‌జెన్ ఎక్స్ కిరణములను 1895లో కనుగొనెను. బెకరెల్ శాస్త్రజ్ఞుడు రేడియమున్న గొట్టమును జేబులో పెట్టుకొని తిరుగగా చర్మము కాలినట్లయ్యెను. పియర్ క్యూరీ తన చేతిపైననే రేడియమును ఉంచి పరీక్షించెను. 52 దినముల తరువాత కూడ ఆ పుండు పూర్తిగా మానలేదు. ఈ అనుభవములను ఇరువురును 1901లో ప్రకటించిరి. దీనినిబట్టియే ఈ కిరణములతో చెడు కణములను చంపవచ్చునను ఆలోచన బలపడెను.

ఈ చికిత్సను మన ప్రాంతమున “కరెంటు పెట్టుట” అందురు. ఇందు రోగి దేహములోనికి విద్యుత్తు ప్రవహింపదు. వేడివలన కాల్చుటయు కాదు. విద్యార్థులు ఈ చిన్న లెక్క వేసి చూడవలెను. కిరణముల మోతాదును గ్రే అను కొలమానముతో కొలుతురు. ఒక కిలోగ్రాము పదార్థము ఒక జౌలు శక్తిని గ్రహించినచో అది ఒక గ్రే. సాధారణముగ ఒక దినమున ఇచ్చునది 2 గ్రేలు. ఒక కిలోగ్రాము నీటిని ఒక డిగ్రీ వేడి చేయుటకు సుమారు 4,200 జౌళ్లు కావలెను. కనుక 2 గ్రేలు నీటి వేడిని డిగ్రీలో రెండువేలవ వంతు మాత్రమే పెంచును!

అయినచో ఇంత హాని ఎట్లు కలుగుచున్నది? శక్తి కొద్దిదే అయినను అది తగులరాని చోట తగులుచున్నది. కిరణము కణములోని నీటి అణువును విరుగగొట్టగా హైడ్రాక్సిల్ రాడికల్ పుట్టును. అది క్షణకాలములో ప్రక్కనున్న డి.ఎన్.ఏ.పై పడి దానిని తెంపును. కొన్ని పర్యాయములు కిరణమే నేరుగా తెంపును. ఒక గ్రే మోతాదు వలన ఒక్కొక్క కణములో డి.ఎన్.ఏ. ఒంటి పోగు సుమారు వేయి చోట్ల తెగును. రెండు పోగులును ఒకేచోట తెగుట ఇరువది నుండి నలువది వరకు జరుగును. ఒక పోగు తెగినచో రెండవ పోగును చూచి అతుకవచ్చును. రెండును తెగినచో అతుకుట కష్టము.

ఇట్టి తెగుదలను ఏ.టి.ఎం. అను మాంసకృత్తు గుర్తించి, పి53 అను మరియొక దానికి తెలియజేయును. పి53 కణవిభజనను నిలిపివేయును. మరమ్మతు కుదిరినచో కణము బ్రతుకును. కుదరనిచో చనిపోవును, లేదా బ్రతికియుండియు మరి విభజన చెందని ముసలి కణముగా మారును. కాన్సరు కణములలో ఈ మరమ్మతు ఏర్పాటు తరచు లోపించియుండును. అందుచేతనే మోతాదును ముక్కలు చేసి, వారమునకు అయిదు దినముల చొప్పున ఆరేడు వారములు ఇత్తురు. నడుమ విరామములో మంచి కణములు కొంత కోలుకొనును, చెడు కణములు అంతగా కోలుకొనలేవు.

మరమ్మతు చెడు విధము

పైచర్మపు అడుగుకణములు వేగముగ విభజన చెందునవి. కనుక వాని నష్టము రెండు మూడు వారములలోనే ఎఱ్ఱదనముగ, పొట్టు రాలుటగ, కొందరిలో తడిపుండుగ కనబడును. చికిత్స ముగిసిన కొన్ని వారములలో ఇది సాధారణముగ మానును.

లోపలి నష్టము నెమ్మదిగ బయటపడును. సన్నని రక్తనాళముల లోపొర దెబ్బతిని, గోడలు మందమై, దారి ఇరుకగును. ఆక్సిజన్ చాలదు. ఆక్సిజన్ లేనిదే కొల్లాజెన్ పోగులు గట్టిపడజాలవు, తెల్ల రక్తకణములు సూక్ష్మజీవులను చక్కగా చంపజాలవు. తంతుకణములలో అనేకము ముసలివై, పిలిచినను కదలవు.

ఇంకొక వింత కలదు. ఆరోగ్యవంతుని గాయములో పని ముగియగానే అణగిపోవలసిన టి.జి.ఎఫ్.-బీటా సంకేతము ఇచ్చట యేండ్ల తరబడి మ్రోగుచునే యుండును. దాని వలన కొల్లాజెన్ అడ్డదిడ్డముగ పేరుకొని చర్మము బిరుసెక్కును. పడుగు పేకల లెక్క తప్పి నేసిన బట్టవలె నూలు ఎక్కువయ్యును నేత చెడును. అందుచేత చర్మము గట్టిగ కనబడినను, తెగినచో అతుకుకొనలేదు.

వైద్యులు తీసికొను జాగ్రత్త

కిరణములు ముందా, కత్తి ముందా అను ప్రశ్నపై కెనడాలో 190 మంది రోగులతో ఒక పరీక్ష జరిగెను. వారికి కాలుసేతులలోని మెత్తని కండరాదులలో పుట్టిన కంతులుండెను. ముందు కిరణములు పొందినవారిలో నూటికి 35 మందికి, శస్త్రచికిత్స తరువాత పొందినవారిలో నూటికి 17 మందికి గాయము మానుటలో చిక్కులు కలిగెనని 2002లో ప్రకటింపబడెను. అయినను ముందు ఇచ్చుటలో మోతాదు తక్కువ సరిపోవును. కనుక వైద్యులు రెండింటిని తూచి నిర్ణయింతురు. శస్త్రచికిత్స తరువాత కిరణములు ఇయ్యవలసియున్నచో గాయము మానుటకై సాధారణముగ కొన్ని వారములు ఆగుదురు. మానని పుండుపై కిరణములు సోకని చోటి చర్మమును, దాని రక్తనాళములతో సహా తెచ్చి కప్పుదురు. ఇది క్రొత్త నేతగాండ్రను, క్రొత్త బాటను కూడ తెచ్చుటయే.

మనము చేయదగినది

కిరణములు పడిన చోట బిగుతైన దుస్తులు కాక వదులైన నూలుబట్ట కట్టుకొనవలెను. ఆదోని ప్రత్తి, ఎమ్మిగనూరు నేత ఇందుకు ఎంతయో తగినవి. గోరువెచ్చని నీటితో మెల్లగ కడుగవచ్చును. గోకరాదు. మన ఎండ సోకనీయరాదు. ఆకు పసరులు, బూడిద వంటివి పూయరాదు. బీడీ, పొగాకు మానవలెను. అవి ఇదివరకే ఇరుకైన రక్తనాళములను మరింత ఇరుకు చేయును. పప్పు, గ్రుడ్లు, పాలు వంటి మాంసకృత్తుల ఆహారము తినవలెను. చర్మము ఎఱ్ఱబడినదని భయపడి చికిత్సను నడుమ మానుకొనరాదు, వైద్యునికి చెప్పవలెను. బయటి యంత్రము నుండి కిరణములు పొందిన రోగి నుండి ఇంటిలోనివారికి కిరణములు సోకవు. పిల్లలను దగ్గరకు తీయవచ్చును.

చికిత్స కాగితములను జీవితాంతము భద్రపరచుకొనవలెను. పదియేండ్ల తరువాతనైనను పన్ను పీకించుకొనుటకు గాని, ఆ చోట కోత పెట్టించుకొనుటకు గాని పోయినప్పుడు “నాకు ఇచ్చట కిరణచికిత్స జరిగినది” అని ముందుగనే చెప్పవలెను. పైకి మామూలుగ కనబడు ఆ చర్మము లోపల మునుపటివలె లేదని వైద్యునికి తెలియుటకు ఆ ఒక్క మాటయే ఆధారము.