తూకం తప్పిన డ్రమ్ము

జీడిమెట్ల పారిశ్రామికవాడలోని బల్క్‌డ్రగ్ కంపెనీల్లో పనిచేసేవారికి సెంట్రిఫ్యూజ్ గురించి కొత్తగా చెప్పనక్కర్లేదు. రియాక్టర్‌లో తయారైన మందు స్ఫటికాలు ద్రవంతో కలిసి చిక్కటి ముద్దగా వస్తాయి. ఆ ముద్దను చిల్లుల బుట్టలోకి వదిలి వేగంగా తిప్పుతారు. బుట్ట లోపల అమర్చిన గుడ్డ స్ఫటికాలను ఆపుతుంది, ద్రవం చిల్లుల్లోంచి బయటికి పోతుంది. ముద్దను నిదానంగా, చుట్టూ సమంగా పరుచుకునేలా వదలాలి. ఒకవైపు ఎక్కువ పేరుకుందా, టన్నుల బరువున్న యంత్రం కూడా ఊగిపోతుంది.

అదే యంత్రం చిన్న రూపంలో చింతల్, షాపూర్‌నగర్, సూరారం, సుచిత్ర ఫ్లాట్లలో వాష్ ఏరియాల్లో ఉంది. వాషింగ్ మెషీన్ స్పిన్ అంటే సెంట్రిఫ్యూజే. ఫ్యాక్టరీలో ముద్ద ఎలాగో ఇంట్లో తడిబట్టలు అలాగ. దడదడలాడుతూ గోడవైపు జరిగిపోయే మెషీన్‌ను చూసి చాలామంది అది పాడైందనుకుంటారు. ఎక్కువసార్లు తప్పు యంత్రానిది కాదు, బట్టలు పడిన తీరుది.

లెక్క చూద్దాం. డ్రమ్ము మధ్యనుంచి పావు మీటరు దూరంలో, ఒకేవైపు అరకిలో తడిబట్ట అదనంగా ఉందనుకోండి. డ్రమ్ము నిమిషానికి 500 చుట్లు తిరిగితే, ఆ అరకిలో దాదాపు 35 కిలోల బరువంత బలంతో డ్రమ్మును తనవైపు లాగుతుంది. వేగం 1,000 చుట్లకు చేరితే ఆ లాగుడు రెట్టింపు కాదు, నాలుగింతలు అవుతుంది. అంటే సుమారు 140 కిలోలు. పైగా అది ఒక దిక్కున నిలవదు. సెకనుకు పదహారుసార్లకు పైగా చుట్టూ తిరుగుతూ లాగుతుంది.

మేడ్చల్ రోడ్డు మీది టైర్ల షాపులో కారు చక్రాన్ని మెషీన్ మీద తిప్పి, తేలికైన చోట చిన్న బరువు అంటిస్తారు. రామచంద్రాపురం బీహెచ్‌ఈఎల్ తయారుచేసే టర్బైన్ల రోటర్లనూ బిగించే ముందు ఇలాగే తూకం సరిచూడాలి. చక్రానికీ రోటర్‌కూ ఒకసారి సరిచేస్తే చాలాకాలం నిలుస్తుంది. వాషింగ్ మెషీన్‌కు ఆ భాగ్యం లేదు. ప్రతి ఉతుకుకూ బరువు కొత్తగా పడుతుంది, కొత్తచోట పేరుకుంటుంది. అందుకే తూకం తప్పిన బరువును భరిస్తూనే తిరగడం ఈ యంత్రం నేర్చుకోవాల్సి వచ్చింది.

ఆ చదువు బట్టలతో మొదలవలేదు. ప్రతి యంత్రానికీ తనదైన ఒక ఊపు ఉంటుంది. తిరిగే వేగం ఆ ఊపుతో కలిసినప్పుడు కంపనం విపరీతంగా పెరుగుతుంది. దీన్నే అనునాదం అంటారు. ఆ వేగాన్ని దాటి ఇరుసును తిప్పడం అసాధ్యమని 1869లో స్కాట్లండ్ ఇంజనీరు విలియం ర్యాంకిన్ తేల్చాడు. ఇరవై ఏళ్లకు స్వీడన్ ఇంజనీరు గుస్తాఫ్ డి లావాల్ ఆ మాట తప్పని నిరూపించాడు. సన్నని, వంగే ఇరుసు మీద తన ఆవిరి టర్బైన్‌ను ఆ వేగం దాటించాడు. దాటాక కంపనం తగ్గింది! చక్రం తన బరువు కేంద్రం చుట్టూ తిరగడానికి తానే సర్దుకుంది. 1919లో ఐరిష్ ఇంజనీరు హెన్రీ జెఫ్‌కాట్ దీనికి స్పష్టమైన గణితం రాశాడు.

ఇళ్లకు ఈ తెలివి ఆలస్యంగా చేరింది. 1937లో అమెరికాలో బెండిక్స్ కంపెనీ తెచ్చిన ఆటోమేటిక్ మెషీన్‌ను బోల్టులతో నేలకు బిగించాల్సి వచ్చేది. ఇప్పటి యంత్రాల్లో టబ్బును కదలనివ్వకుండా పట్టుకోరు, ఊగనిస్తారు. టాప్ లోడ్‌లో అది నాలుగు కడ్డీలకు వేలాడుతుంది. ఫ్రంట్ లోడ్‌లో పైన స్ప్రింగులు, కింద డ్యాంపర్లు ఉంటాయి. టబ్బు తేలిగ్గా ఎగరకుండా కాంక్రీటు దిమ్మలు బిగిస్తారు. మెషీన్ అంత బరువుండటానికి అదొక కారణం.

చాలా టాప్ లోడ్ మెషీన్లలో డ్రమ్ము పైఅంచున ఉండే బోలు వలయాన్ని చూసే ఉంటారు. దాన్లో ఉప్పునీళ్లు ఉంటాయి. ద్రవంతో తూకం సరిచేసే ఈ ఉపాయానికి ఫ్రెంచి ఇంజనీరు మోరిస్ లెబ్లాంక్ 1916లో పేటెంటు పొందాడు. అనునాద వేగం దాటాక నీళ్లు బరువుకు ఎదురుపక్కకు చేరి తూకం నిలుపుతాయి. దాటకముందు మాత్రం బరువున్న పక్కకే చేరి ఊపును ఇంకా పెంచుతాయి. స్పిన్ మొదలైన కొత్తలోనే మెషీన్ ఎక్కువగా ఊగడానికి కారణం అక్కడుంది. ఆ గండం గడిస్తే నిలకడగా తిరుగుతుంది.

అందుకే నేటి మెషీన్ ముందు మెల్లగా తిప్పి, మోటారు వేగంలో వచ్చే హెచ్చుతగ్గులను బట్టి తూకం పసిగడుతుంది. బాగోకపోతే ఆగి, అటూ ఇటూ తిప్పి బట్టలను విడదీస్తుంది, కొన్నిసార్లు మళ్లీ నీళ్లు పట్టుకుంటుంది. అయినా కుదరకపోతే తెర మీద హెచ్చరిక చూపి ఆగిపోతుంది. ఎల్‌జీ మెషీన్లలో అది ‘యూఈ’. పదే పదే నీళ్లు పడుతుంటే, నిమిషాలు తరగకపోతే అర్థం ఇదే.

అప్పుడు మనం చేయాల్సింది తేలికే. మెషీన్ ఆపి, డ్రమ్ము పూర్తిగా నిలిచాక తెరవండి. తరచూ దుప్పటి మిగతా బట్టలను పొట్లంలా చుట్టేసుకుని ఉంటుంది. విప్పి, చుట్టూ సమంగా పరచండి. ఒక్క రగ్గునో, ఒక్క జీన్సునో వేసినప్పుడు తోడుగా రెండు తువ్వాళ్లు వేయండి. రెయిన్‌కోటు, నీరు ఇంకని పరుపు కవరు స్పిన్‌లో వేయకండి. అవి నీళ్లను సంచిలా పట్టి ఉంచి, ఉన్నట్టుండి వదులుతాయి.

తర్వాత నేల చూడండి. నీళ్లు పోవడానికి మేస్త్రీలు వాష్ ఏరియాకు వాటం పెడతారు, మెషీన్ ఆ వాలు మీదే నిలబడుతుంది. పైన రసమట్టం పెట్టి, కాళ్లు తిప్పి సరిచేసి, నట్టు బిగించండి. మూలలు నొక్కితే ఊగకూడదు. ఫ్రంట్ లోడ్ కొత్తదైతే, రవాణా కోసం వెనక బిగించిన బోల్టులు తీశారో లేదో చూసుకోండి.

చివరగా బట్టల్లేకుండా స్పిన్ పెట్టండి. నిలకడగా తిరిగితే యంత్రం బాగున్నట్టే. ఖాళీగానూ ఊగితే కడ్డీలో, స్ప్రింగులో, డ్యాంపర్లో అరిగినట్టు. రొదగా మోత వస్తుంటే బేరింగు పోయినట్టు. మెకానిక్‌ను అప్పుడు పిలవండి. తూకం తప్పిన బరువును మోయడానికి ఇంజనీర్లు నూరేళ్లకు పైగా శ్రమించి చేయగలిగినంతా చేశారు. బట్టలు సమంగా వేయడం మాత్రం ఇప్పటికీ మన పనే.