ఉబ్బు తగ్గిన పిమ్మట: బాలల నెఫ్రోటిక్ వ్యాధి, దాని దీర్ఘగతి

ఉదయమున నిద్రలేచిన మూడేండ్ల పసివాని కనురెప్పలు ఉబ్బియుండుటయు, ప్రొద్దెక్కినకొలది ఆ ఉబ్బు కొంత తగ్గి కాళ్లలోనికి దిగుటయు చూచిన తల్లిదండ్రులు దానిని ఎలర్జీ యనియో, ఏదో పురుగు కుట్టినదనియో తలచి కొన్ని దినములు ఊరకుందురు. పిదప పొట్ట పెరిగి, లాగు నడుము బిగువై, మూత్రము నురుగు కట్టుచుండగా వైద్యుని యొద్దకు పోయినప్పుడు గాని నెఫ్రోటిక్ సిండ్రోమ్ అను పేరు వారి చెవిని పడదు. మూత్రపిండముల వడపోత పొరను అంటిపెట్టుకొనియుండు పోడోసైట్లు అను కణముల పాదములు చదునై, రక్తమున నిలువవలసిన ఆల్బుమిన్ అను మాంసకృత్తు మూత్రములో పోవుటయే ఈ వ్యాధికి మూలము. 1985లో బ్రిటన్‌లోని బర్మింగ్‌హామ్, లెస్టర్‌షైర్ వైద్యులు తమ ప్రాంతములలో భారత ఉపఖండమునకు చెందిన కుటుంబముల పిల్లలయందు ఈ వ్యాధి తెల్లవారి పిల్లలకంటె హెచ్చుగా నుండుట గమనించి ప్రకటించిరి. కనుక విదేశములందలి మన సంఘములకు ఇది పరాయి విషయము కాదు.

యాంటీబయాటిక్ మందులు రాకపూర్వము ఈ వ్యాధి సోకిన పిల్లలలో సుమారు మూడింట రెండు వంతులు మరణించుచుండిరి. వారిని చంపినది చాలవరకు మూత్రపిండముల వైఫల్యము కాదు. రక్షక మాంసకృత్తులు సైతము మూత్రములో పోవుటచే కడుపు పొరలకు, రక్తమునకు సోకిన సూక్ష్మజీవులే. పెన్సిలిన్‌తో ఆ మరణములు తగ్గినవి. 1950 తరువాత కార్టిజోన్ జాతి మందులు వచ్చి వ్యాధి గతినే మార్చినవి. నేడు నూటికి 85 మంది, అంతకు మించి కూడ, ప్రెడ్నిసొలోన్ మాత్రలకు కొద్ది వారములలోనే లొంగుదురు. భారతదేశ బాల మూత్రపిండ వైద్యుల 2021 నాటి మార్గదర్శకముల ప్రకారము తొలిసారి ఆ మందును కిలో బరువునకు 2 మిల్లీగ్రాముల వంతున 6 వారములు ప్రతిదినము, పిదప 1.5 మిల్లీగ్రాముల వంతున 6 వారములు దినము విడిచి దినము ఇత్తురు. అంతకుమించి నెలల తరబడి పొడిగించినచో వ్యాధి తిరుగబెట్టదను ఆశ యొకప్పుడు ఉండెడిది. 2015లో భారతదేశమునను, 2019లో బ్రిటన్‌లోను వెలువడిన పరిశీలనలు ఆ ఆశకు ఆధారము లేదని తేల్చినవి.

ఉబ్బు తగ్గినంతనే కథ ముగియదు. లొంగిన పిల్లలలో నూటికి 70 మందికి పైగా మరల ఒకమారైనను జబ్బుపడుదురు. వారిలో అనేకులకు అది మాటిమాటికి తిరుగబెట్టును, పలుమారు మామూలు జలుబే దానికి నెపమగును. మన యిండ్లలో చిక్కు వచ్చునది ఇచ్చటనే. స్టెరాయిడ్ అను మాట వినగానే బెదరి, బిడ్డ ముఖము గుండ్రమైనదని నొచ్చుకొని, వచ్చిన చుట్టమెవరో చెప్పినంతనే మాత్రలు మానిపించువారిని చూచుచునే యున్నాము. దీర్ఘకాలము ఆ మందు వాడిన శరీరమున అడ్రినల్ గ్రంథులు తమ పని మరచియుండును. హఠాత్తుగా ఆపుట ప్రాణాపాయమే కావచ్చును. అట్లని ఆ భయము పూర్తిగా నిరాధారమనియు అనజాలము: ఎదుగుదల మందగించుట, కంటిశుక్లము, రక్తపోటు, ఎముకల బలహీనత, మొండి కోపము నిజములే. అందువలననే మాటిమాటికి తిరుగబెట్టు పిల్లలకు, ఒకప్పుడు నులిపురుగులకిచ్చిన లెవమిసోల్ మొదలు మైకోఫినోలేట్, సైక్లోఫాస్ఫమైడ్, టాక్రోలిమస్, రిటుక్సిమాబ్ వరకు స్టెరాయిడ్ భారమును తగ్గించు మందులను వైద్యులు ఎంచుకొందురు.

వ్యాధి తిరుగబెట్టుటను ఉబ్బు కనబడకమునుపే పసిగట్టు ఉపాయము మాత్రము ఇంటనే కలదు. లండన్ గైస్ ఆసుపత్రి వైద్యుడు రిచర్డ్ బ్రైట్ రెండు వందల ఏండ్ల క్రిందట మూత్రమును చెంచాలో పోసి కొవ్వొత్తిపై కాచి చూచెడివాడు. మాంసకృత్తు ఉన్నచో, గ్రుడ్డు తెల్లసొనవలె, అది వేడికి గడ్డకట్టి తెల్లబడును. నేడు తల్లి తెల్లవారుజామున పట్టిన తొలి మూత్రములో డిప్‌స్టిక్ అను పరీక్షాపట్టీని ముంచి, నిర్ణీత కాలమాగి, దాని పసుపు రంగు ఆకుపచ్చకు తిరిగినదేమో డబ్బాపై ముద్రించిన రంగులతో పోల్చి, పుస్తకమున వ్రాసికొనుట చాలును. వరుసగా 3 దినములు 3 ప్లస్‌లు, అంతకు మించి కనబడినచో వ్యాధి తిరిగినట్లు. వరుసగా 3 దినములు ఏమియు లేకున్నను, లేశమాత్రముగ నున్నను ఉపశమించినట్లు.

ఇక పథ్యము సంగతి. పప్పు, గ్రుడ్డు మానిపించుటకు శాస్త్రాధారమేదియు లేదు. ఉబ్బు ఉన్నన్నాళ్లు ఉప్పు తగ్గించి, ఆవకాయను, అప్పడములను దూరముంచిన చాలును.

పెద్దలు అడుగు అసలు ప్రశ్న మూత్రపిండములు నిలుచునా యనునది. బాలల మూత్రపిండ వ్యాధులపై 1967లో మొదలైన అంతర్జాతీయ అధ్యయనము మొదలుకొని నేటివరకు వచ్చిన సమాధానమొకటే: బయాప్సీలో కనబడు రూపముకంటె బిడ్డ మందుకు లొంగుటయే భవిష్యత్తును చెప్పును. లొంగినవారిలో దాదాపు అందరి మూత్రపిండములును చెడక నిలుచును. యౌవనము వచ్చుసరికి తిరుగబెట్టుట అరుదగును, అయినను నూటికి పదిహేను, ఇరువది మందికి అది పెద్దతనమునను వెన్నాడును. ఏ మందుకును లొంగని కొద్దిమందిలో మాత్రము ఇంచుమించు సగముమందికి పదేండ్లలో మూత్రపిండములు విఫలమగును. అట్టివారిలో కొందరికి కారణము జన్యులోపము. పోడోసైట్లలోని మాంసకృత్తులగు నెఫ్రిన్‌ను తయారుచేయు జన్యువు 1998లోను, పోడోసిన్‌ను తయారుచేయు జన్యువు 2000లోను కనుగొనబడినవి. జన్యులోపము తేలినప్పుడు నిరోధకశక్తిని అణచు మందులతో బిడ్డను నలిపివేయకుండుటయే మేలు. మార్పిడి చేసిన మూత్రపిండమునకు ఆ వ్యాధి తిరిగి సోకుట వారిలో అరుదు. లొంగు పిల్లలలో అనేకులకు నెఫ్రిన్‌పైననే శరీరము ప్రతిరక్షకములను పుట్టించుచున్నదని 2024లో వెలువడిన పరిశోధన చూపినది. చికిత్స గురిపెట్టవలసిన చోటు ఇన్నాళ్లకు దొరకినదనియే నా నమ్మకము.

సెలవులకు స్వదేశము పోవు కుటుంబములు డిప్‌స్టిక్‌లను, చాలినన్ని మాత్రలను, వైద్యుని లేఖను వెంట నుంచుకొనవలెను. టీకాలలో ఏవి వేయదగునో, ఏవి కూడదో ముందే అడుగవలెను. జ్వరముతో కడుపునొప్పి వచ్చినచో తెల్లవారువరకు ఆగక ఆసుపత్రికి పోవలెను. బిడ్డ పెద్దవాడై పిల్లల వైద్యుని విడిచి పెద్దల వైద్యుని చేరునాడు, తల్లి వ్రాసిన ఆ పుస్తకమును, మందుల మోతాదుల పట్టికతో సహా, వానికే అప్పగింపుడు.