డిజిటల్ అరెస్ట్

పోలీసులమనో, సీబీఐ అధికారులమనో వీడియో కాల్‌లో బెదిరించి, మనిషిని ఇంట్లోనే గంటలకొద్దీ ఫోను ముందు కూర్చోబెట్టి డబ్బు గుంజే మోసమే ‘డిజిటల్ అరెస్ట్’. మన చట్టాల్లో అలాంటి అరెస్టు లేనే లేదు. అరెస్టు చేసినవారిని 24 గంటల్లోగా మేజిస్ట్రేటు ముందు హాజరుపరచాలన్నది రాజ్యాంగం 22వ అధికరణం మాట. ఫోనులో తేలే పని కాదది.

కథ ఇంచుమించు ఒకటే. మీ పేరున వచ్చిన పార్శిల్లో మత్తుమందులు దొరికాయంటారు, లేదా మీ ఆధార్‌తో తీసిన సిమ్ నేరంలో వాడారంటారు. తెర మీద ఖాకీ చొక్కా, వెనక గోడకు పోలీసు చిహ్నం. ‘తలుపేసుకోండి, ఇంట్లో ఎవరికీ చెప్పొద్దు’ అన్నదే అసలు ఉచ్చు. పిల్లలు బెంగళూరుకో చెన్నైకో వెళ్లిపోగా తిరుపతి, చిత్తూరుల్లో ఒంటరిగా మిగిలిన పెద్దలకు అది ఇట్టే బిగుసుకుంటుంది.

2024 అక్టోబరు 27న ‘మన్ కీ బాత్’లో ప్రధాని మోదీ ఈ మోసం గురించి హెచ్చరించారు. డబ్బు పోతే వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి. ఎంత త్వరగా చెబితే, సొమ్ము ఖాతాలు మారకముందే ఆపే వీలు అంత ఎక్కువ. డబ్బు పోకపోయినా అనుమానపు కాల్‌పై టెలికాం శాఖ పోర్టల్ సంచార్ సాథీలోని ‘చక్షు’ విభాగంలో ఫిర్యాదు చేయొచ్చు. విసిగించే ప్రచార కాల్స్‌పై ఫిర్యాదుకు మాత్రం 1909.