పెద్దలకు టెలివిజను

కానుక ఇచ్చుట సులభము; తగిన కానుక ఇచ్చుట కష్టము. ఆడపడుచునకు చీర కొనునపుడు రంగు, అంచు, నేత విచారింతుము. పెద్దవారికి పంచెలచాపు కొనునపుడు పొడవు కొలిపించి చూతుము. ఆ పెద్దవారికే టెలివిజను కొనవలసివచ్చినపుడు మాత్రము వారి కన్నులను గాని, చెవులను గాని, చేతులను గాని తలపము. మన చేతిలోని డబ్బును, అంగడిలోని తెరలను కొలిచి తృప్తిపడుదుము. ఈ పొరపాటు నేనును చేసితిని.

ఎల్లారెడ్డిలో మా మేనమామ ఉన్నాడు. ఆయనకు ఎనుబది దాటినవి, అత్తమ్మకు డెబ్బదియైదు. ఒక్కడే కొడుకు, గల్ఫులో పని. కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతములలో ఇట్టి ఇండ్లు పెక్కులు. పిల్లలు ఎడారి దేశములలో, పెద్దలు ఊరిలో. నడుమ ఒక ఫోను, ఒక టెలివిజను. 2025 వేసవిలో వారి పాతపెట్టె చెడిపోయినది. కామారెడ్డిలో కాపురమున్న నేను అంగడికి పోయి 55 అంగుళముల తెర కొని, ఆటోట్రాలీలో వేయించుకొని, లింగంపేట మీదుగా ఎల్లారెడ్డి చేరితిని. అంగడి కుర్రవాడు దానిని దర్వాజ ఎత్తున గోడకు బిగించి, రెండు రిమోటులు మామ చేతిలో పెట్టి, గడగడ నాలుగు మాటలు చెప్పి వెడలిపోయెను. నేను చాయ త్రాగి, మంచిపని చేసితినను సంతోషముతో సాయంకాలపు బస్సెక్కితిని.

ఆ ఏడు ఆగస్టు 27, 28 తేదీలలో కామారెడ్డి జిల్లాపై కుంభవృష్టి కురిసినది. పట్టణములో కాలనీలు నీట మునిగినవి. రైలుకట్ట కోతపడి బండ్లు నిలిచిపోయినవి. ఆ దృశ్యములను దేశమంతయు టెలివిజనులలో చూచినది. మా మామ చూడలేదు. ఏ గుండీ ఒత్తెనో ఏమో, తెర నల్లబారి, సిగ్నలు లేదని మూడు ఆంగ్లాక్షరముల ముక్కలు చూపుచు నిలిచిపోయినది. నా ఫోను కలియలేదు. మేమేమైతిమో తెలియక రెండు రాత్రులు ఆ దంపతులు నిద్రపోలేదు.

దారులు తెరచిన పిమ్మట నేను వెళ్లి చూడగా, టెలివిజనుపై పాత తువ్వాల కప్పబడియున్నది. మంచము ప్రక్కన చిన్న రేడియో.

“ఏమైంది మామా?”

“ఏం కాలే అల్లుడా. మంచిదే తెచ్చినవ్. మాకే చేతగాలే. ఏది ఒత్తితే ఏమైతదో అని భయమైంది.”

అత్తమ్మ లోపలినుండి, “ఖరాబైతే నీ పైసలు పాయె గద బిడ్డా” అనెను.

నేనిచ్చినది టెలివిజను కాదు, ఒక భయము అని అప్పుడు తెలిసినది. మా మామ యంత్రములెరుగని వాడు కాడు. పొలములో మోటారు కాలిన, తానే విప్పి సరిచేసికొన్న చేయి అది. 1987 జనవరి 25న దూరదర్శన్‌లో రామాయణము మొదలైనపుడు, ఆదివారము ఉదయము వాడలో నున్న ఒక్క పెట్టె ముందు అందరును గుమిగూడుచుండగా, మిద్దెపైకెక్కి ఏరియల్ త్రిప్పి బొమ్మ సరిచేసినవాడును ఆయనయే. నాటి పెట్టెకు త్రిప్పుటకు రెండు మూడు మరలు. ఏది దేనికో చేతికే తెలియును. నేటి రిమోటుకు నలుబదికి పైగా గుండీలు; ఒక్కటి తప్పిన, తిరిగి వచ్చు దారి కానరాదు.

ఆనాటినుండి ఈ విషయము కొంత విచారించితిని. మొదటిది చూపు. అరువదేండ్ల కంటి లోపలికి చేరు వెలుతురు, ఇరువదేండ్ల కంటికి చేరుదానిలో సుమారు మూడవవంతు మాత్రమే. కంటిపాప చిన్నదగును, లోపలి కటకము పసుపుబారును. కావున తెర ప్రకాశవంతముగా నుండవలెను, కిటికీ వెలుగు దానిపై పడరాదు. తెర కొలతను మూలనుండి మూలకు చెప్పుదురు. దానికి ఒకటిన్నర రెట్ల దూరమున కూర్చుండిన బొమ్మ హాయిగా కనబడును. 43 అంగుళముల తెరకు ఐదున్నర అడుగులు చాలును. అంతకంటె ముఖ్యము ఎత్తు. మన పెద్దలు చాపమీదనో, మంచముమీదనో కూర్చుందురు. తెర ఎత్తున నున్నచో మెడ వెనుకకు వాల్పవలెను. నేను కొన్న తెర పెద్దదగుట దోషము కాదు; దర్వాజ ఎత్తున నుండుటయే దోషము.

రెండవది వినికిడి. ఇది భాష బోధించువారికి మరింత తెలియవలసిన సంగతి. వయసు పైబడిన చెవికి ముందుగా తప్పిపోవునవి హెచ్చుస్థాయి ధ్వనులు. అచ్చులు తగ్గుస్థాయిలో బలముగా పలుకును. స, శ, త, క, ప వంటి హల్లులు సన్నగా క్షణకాలము పలికి పోవును. అర్థభేదము తెచ్చునవి హెచ్చుగా ఈ హల్లులే. ‘పాలు’, ‘కాలు’, ‘తాలు’ అను మాటలలో మొదటి హల్లు జారిపోయిన, మూడును ‘ఆలు’ అగును! “ఇనవడుతుంది గాని సమజైతలేదు” అని పెద్దలనుట ఇందువలననే. శబ్దము పెంచిన మోత పెరుగును గాని మాట స్పష్టము కాదు. పైగా నేటి పలుచని టెలివిజనులలో పెక్కింటికి స్పీకర్లు క్రిందికో వెనుకకో తిరిగియుండును. తెర ఒక కొలత తగ్గించి, మిగిలిన డబ్బుతో ముందునకు పలుకు స్పీకరు కొనుట మేలు.

మూడవది చేయి. ఒక్క రిమోటుతో నడచునది, గుండీలు పెద్దవిగా, ఎడముగా నున్నది ఎన్నుకొనవలెను. కాని నేర్పువాడు లేనిచో ఎంత మంచి రిమోటైనను వ్యర్థమే.

టెలివిజనుకు పోలికగా మనవారు సంజయుని పేరు చెప్పుదురు. ఆ కథ మొదటిభాగము మాత్రము మరతురు. వ్యాసుడు దివ్యదృష్టి నిచ్చెదనన్నది మొదట ధృతరాష్ట్రునికి. జ్ఞాతుల చావు చూడజాలను, వినుటయే చాలునని ఆ వృద్ధుడు వలదనెను. వ్యాసుడు తన కానుకను బలవంతముగా అంటగట్టలేదు. ఆ చూపును సంజయునికిచ్చి రాజు చెంత నిలిపెను. అడిగి ఇచ్చుట, ఇచ్చినదానితో ఒక మనిషిని కూడ ఇచ్చుట – ఈ రెండును నేను చేయలేదు.

తరువాతి ఆదివారము ఎల్లారెడ్డికి ఉదయమే పోయి రాత్రి వరకు ఉంటిని. తెరను దింపించి మంచమున కూర్చున్నవారి కంటి ఎత్తున బిగింపించితిని. ఏ గుండీలు కావలెనో అత్తమ్మనే అడిగితిని. నాలుగు చాలుననెను. తన బొట్టుబిళ్లలే తెచ్చి, తెరిచెడి గుండీపై ఎర్రది, శబ్దము పెంచుదానిపై పచ్చది అంటించెను. మిగిలినవాటిపై టేపు వేసితిమి. రిమోటు నేను ముట్టలేదు. ఇద్దరిచేతను పదేసిమార్లు ఒత్తించితిని. కావలెననియే తప్పు నొక్కించి, తిరిగి వచ్చు దారి చూపితిని. బడిలో పలకపై బిడ్డచేత దిద్దించునట్టి ఓర్పు ఇంటిలో పెద్దలకడ మనకు చాలదు. చేతిలోనిది లాగుకొని మనమే చేసివేయుదుము. విద్యార్థులు ఈ పని మనకంటె బాగుగా చేయగలరు. సెలవునాడు తాతయో నాయనమ్మయో ఉన్న ఇంటికి పోయి ఒక పూట కూర్చుండిన చాలును.

మొన్న తెల్లవారగనే మామ ఫోను చేసెను.

“అల్లుడా, కామారెడ్డిల ఇయ్యాల వాన ఉందట. టీవీల చెప్తున్నరు. కాలేజికి పోయేటప్పుడు ఛత్రి తీస్కపో.”

ఆకాశము నిర్మలముగా నున్నది. అయినను గొడుగు తీసికొని పోతిని.