ట్రైకో కార్డులో కెరియర్‌ ఉంది!

పురుగు పడ్డాక మందు కొట్టడం అందరికీ తెలిసిందే. అసలు పురుగు పుట్టకముందే ఆపే పద్ధతి ఒకటుందని విన్నారా? వరిలో కాండం తొలిచే పురుగు గుడ్డులోంచి వచ్చి కాండంలో దూరిందంటే, ఇక మందు దాన్ని చేరడం కష్టం. దెబ్బ గుడ్డు దశలోనే పడాలి. ఆ పని చేసేది ట్రైకోగ్రామా అనే బుల్లి కందిరీగ. మిల్లీమీటరు పొడవు కూడా ఉండదు, మనల్ని కుట్టదు. పురుగు గుడ్డును వెతికి అందులో తన గుడ్డు పెడుతుంది. లోపలి పిల్ల ఆ గుడ్డునే తిని పెరుగుతుంది. గొంగళిపురుగు రావాల్సిన చోట కందిరీగ బయటికొస్తుంది.

‘బాగుంది, ఇందులో నాకేం పని?’ అంటారా? అక్కడికే వస్తున్నా.

రెండు దారులు

మిత్ర పురుగుల్ని వాడటంలో రెండు దారులున్నాయి. ఒకటి, వదిలితే స్థిరపడిపోయేవి. 2008లో కోయంబత్తూరులో బొప్పాయి పిండినల్లి కనిపించింది. బొప్పాయితోపాటు మల్బరీ, కర్రపెండలం తోటల్నీ దెబ్బతీసింది. 2010లో ప్యూర్టోరికో నుంచి ఎసిరోఫేగస్‌ పపాయే అనే కందిరీగను తెప్పించి వదిలితే, అది తనంతట తానే పెరిగి పిండినల్లిని అదుపులోకి తెచ్చింది. రైతుకు గొప్ప మేలు. కానీ పదేపదే కొనక్కర్లేదు కాబట్టి వ్యాపారానికి పెద్దగా చోటు లేదు.

రెండోది ట్రైకోగ్రామా దారి. దీన్ని ప్రతి పంటకాలంలో విడతలవారీగా వదలాలి. ఉపాధి ఉన్నది ఇక్కడే.

టైమే అసలు సమస్య

ల్యాబ్‌లో జొన్న నూకలో కొర్సైరా అనే చిమ్మటను పెంచుతారు. దాని గుడ్లను అతినీలలోహిత కాంతిలో ఉంచి, పురుగు రాకుండా చేసి అట్టకు అంటిస్తారు. ట్రైకోగ్రామా వాటిలో గుడ్లు పెడుతుంది. అదే ట్రైకో కార్డు. ఒక్కో కార్డు మీద సుమారు 20 వేల గుడ్లుంటాయి. మూడు నాలుగు రోజుల్లో నల్లబడతాయి. వారం, ఎనిమిది రోజుల్లో కందిరీగలు వచ్చేస్తాయి. చల్లగా ఉంచి కొన్నాళ్లు ఆపగలం, అంతే.

కార్డు ఆలస్యమైతే కందిరీగలు పార్శిల్‌లోనే బయటికొస్తాయి. మరీ ముందొస్తే పొలంలో పురుగు గుడ్లే ఉండవు. ఎండలో బస్సు డిక్కీలో పెడితే చచ్చిపోతాయి. సైన్స్‌ తెలిసిందే, సరైన రోజుకు ప్రాణంతో చేర్చడమే కష్టం.

ఇప్పుడు మీ బ్రాంచ్‌ గుర్తుచేసుకోండి. లింగాకర్షక బుట్టల్లో పడిన చిమ్మటల లెక్కతో ‘ఎప్పుడు వదలాలి’ అని అంచనా వేయడం సీఎస్‌ఈ వాళ్ల పని. చల్లదనం తగ్గని పెట్టె తయారీ మెకానికల్‌ వాళ్లకు, ల్యాబ్‌లో ఉష్ణోగ్రత, తేమ గమనించే సెన్సర్లు ఈసీఈ వాళ్లకు సరిపోతాయి. పెంపకానికి అగ్రికల్చర్‌, జువాలజీ వాళ్లు కావాలి. ఆర్డర్ల నుంచి వెనక్కి లెక్కేసి ఉత్పత్తిని ప్లాన్‌ చేయడానికి బీకామ్‌ బుర్ర కావాలి.

తేలిక కాదు

ట్రైకోడెర్మా లాంటి సూక్ష్మజీవి మందులకు 1968 నాటి క్రిమిసంహారక మందుల చట్టం కింద రిజిస్ట్రేషన్‌ తప్పనిసరి. మిత్ర పురుగులకు అది వర్తించదు. మొదలుపెట్టడం సులువే, కానీ నాణ్యత భారమంతా మీదే. కార్డు నల్లగా ఉన్నంత మాత్రాన లోపల ప్రాణముందని కాదు. ఒక్క చచ్చిన బ్యాచ్‌ వెళ్లిందంటే రైతు ఆ సీజన్‌ పంట నష్టపోతాడు, మళ్లీ మీ మొహం చూడడు. ప్రతి బ్యాచ్‌ నుంచి ఓ ముక్క దగ్గరుంచుకుని, ఎన్ని కందిరీగలు వచ్చాయో లెక్కపెట్టాల్సిందే. వదిలిన రోజుల్లో పురుగు మందు కొట్టొద్దని రైతుకు చెప్పి ఒప్పించడమూ ఉద్యోగంలో భాగమే.

ఎక్కడ నేర్చుకోవాలి?

హైదరాబాద్‌ రాజేంద్రనగర్‌లోని జాతీయ మొక్కల ఆరోగ్య యాజమాన్య సంస్థ (ఎన్‌ఐపీహెచ్‌ఎం) మిత్ర పురుగుల ఉత్పత్తిపై శిక్షణ ఇస్తుంది. బెంగళూరులోని ఎన్‌బీఏఐఆర్‌ మిత్ర పురుగుల పరిశోధనకు జాతీయ కేంద్రం. సొంతంగా పెట్టాలనుకునే వ్యవసాయ పట్టభద్రులకు మేనేజ్‌ ఆధ్వర్యంలోని అగ్రి క్లినిక్స్‌ పథకం ఉంది.

అంతకన్నా ముందు ఓ చిన్న పని చేయండి. దగ్గర్లోని బయోకంట్రోల్‌ ల్యాబ్‌కు వెళ్లి ఒక కార్డు అడగండి. చిన్న ముక్క కత్తిరించి గాజు గొట్టంలో వేసి, మూతికి దూది పెట్టండి. వారం రోజులు గమనించండి. విసుగు రాకపోతే ఈ రంగం మీకు నప్పినట్టే.