ముప్ఫయ్యో యేట కొత్త కొలువు

ఒకనాడు తమ గుండెలు పగులగొట్టిన ప్రత్యర్థి, వయసు మీరిన దశలో తమ జట్టులోకే వస్తే స్వాగతించాలా, వద్దనాలా? అమెరికాలోని బాల్టిమోర్ నగరం 2024 వసంతంలో ఈ ప్రశ్న చుట్టూ రెండుగా చీలి వాదించుకుంది.

2020 జనవరి 11వ తేదీ రాత్రి. అమెరికా తూర్పు తీరాన మేరీలాండ్ రాష్ట్రంలోని బాల్టిమోర్ నగరంలో క్రీడాప్రాంగణం కిక్కిరిసి ఉంది. స్థానిక జట్టు రేవన్స్ ఆ సీజన్‌లో ఆడిన 16 ఆటలలో 14 గెలిచింది. ఎదుట నిలిచిన టెనెసీ టైటన్స్ జట్టు విజయం సాధించగలదని నమ్మినవారు అరుదు. కాని ఆ రాత్రి టైటన్స్ పక్షాన బంతిని చంకన పెట్టుకొని పరుగెత్తిన ఒక భారీకాయుణ్ని ఆపడం ఎవరి తరమూ కాలేదు. మీదికి ఉరికినవారిని ఒంటిచేత్తో నెట్టివేస్తూ అతడు 195 గజాల దూరం బంతిని మోసుకుపోయాడు. రేవన్స్ 12-28 తేడాతో ఓడిపోయింది. జనం మౌనంగా ఇళ్లకు మరలారు.

అతని పేరు డెరిక్ హెన్రీ. ఎత్తు ఆరడుగుల మూడంగుళాలు, బరువు సుమారు 112 కిలోలు. ఆ రాత్రి గడిచిన నాలుగేళ్లకు, 2024 మార్చిలో, అదే హెన్రీ రేవన్స్ జట్టుతో రెండేళ్ల ఒప్పందం చేసుకున్నాడు. విలువ కోటి 60 లక్షల డాలర్లు. అప్పటికి అతనికి ముప్ఫై ఏళ్లు నిండి రెండు నెలలు దాటింది.

ముప్ఫై ఏళ్లంటే వేరొక వృత్తిలో యౌవనం. అతని వృత్తిలో అది వార్ధక్యం.

వెనుదిరగని కూత

అమెరికన్ ఫుట్‌బాల్ మనం ఎరిగిన ఫుట్‌బాల్ కాదు. ఇందులో బంతిని కాలితో తన్నడం తక్కువ. చేతపట్టి మోయడం, విసరడం ఎక్కువ. బంతి చేజిక్కిన జట్టుకు నాలుగు ప్రయత్నాలు ఉంటాయి. ఆ నాలుగింటిలో పది గజాలు ముందుకు సాగితే మరి నాలుగు లభిస్తాయి. ప్రతి ప్రయత్నంలోనూ క్వార్టర్‌బ్యాక్ అనే నాయకుడు బంతిని దూరాన ఉన్న సహచరునికి విసరవచ్చు. లేదా పక్కనే ఉన్న రన్నింగ్ బ్యాక్ చేతికి అందించవచ్చు. అందుకున్నవాడు ప్రత్యర్థుల గోడను ఛేదించుకొని పరుగెత్తాలి.

కబడ్డీ తెలిసినవారికి ఈ పని స్వభావం సులభంగా బోధపడుతుంది. అయితే ఒక భేదం ఉంది. కబడ్డీలో కూతకు వెళ్లినవాడు దెబ్బ తప్పించుకొని తన గడిలోకి తిరిగి రావాలి. ఇక్కడ తిరిగి రావడమనే మాట లేదు. కింద పడవేసేదాకా ముందుకు పోవడమే. ఒక్కొక్క ఆటలో ఇరవై, పాతికసార్లు పరుగెత్తితే దాదాపు అన్నిసార్లూ నూరు కిలోలకు మించిన మనుషులు వచ్చి మీద పడతారు. మోకాళ్లు, చీలమండలు, భుజాలు ఆ దెబ్బలన్నిటికీ లెక్క రాసుకుంటాయి. అందుకే రన్నింగ్ బ్యాక్ వయసును ఏళ్లతో మాత్రమే కాక, బంతిని మోసిన సంఖ్యతోనూ కొలుస్తారు. టైటన్స్ జట్టులో గడిపిన ఎనిమిదేళ్లలో హెన్రీ 2,030 సార్లు బంతిని మోశాడు. 2020లో 2,027 గజాలు పరుగెత్తి, ఒకే సీజన్‌లో రెండు వేల గజాలు దాటిన బహుకొద్దిమందిలో ఒకడైనాడు. మరుసటి ఏడాదే పాదంలో ఎముక విరిగింది. 2023 నాటికి అతని పరుగు 1,167 గజాలకు తగ్గింది.

రెండు పక్షాలు

ఒప్పందం వార్త వెలువడగానే బాల్టిమోర్ అభిమానులు రెండు పక్షాలయ్యారు.

వద్దన్న పక్షం వాదన పదునైనదే. ఆ వసంతంలోనే రేవన్స్ జట్టు ముందు వరుసలోని ముగ్గురు ప్రధాన రక్షకులను కోల్పోయింది. రన్నింగ్ బ్యాక్‌కు దారి చేసేది వారే. దారి చేసేవారిని వదులుకొని, నడిచేవానికి డబ్బు పోయడం ఏమి నీతి? పైగా రేవన్స్ నాయకుడు లామార్ జాక్సన్ ఆట తీరు వేరు, హెన్రీకి అలవాటైన తీరు వేరు. ఇతర జట్లు వాడుకొని వదిలేసిన పాత కాపులను తెచ్చుకొని భంగపడటం రేవన్స్‌కు కొత్త కూడా కాదు. 2021లో తమ ఆటగాళ్లు గాయపడగా తెచ్చుకున్న లెవియాన్ బెల్ కొద్ది వారాలకే వెనుదిరిగాడు. అరిగిన నాణేనికి మెరుగు పెడితే విలువ పెరుగుతుందా అని వీరు ప్రశ్నించారు.

కావాలన్న పక్షానికి ఒక తాజా గాయం ఆధారం. 2024 జనవరి 28న, తుదిపోరైన సూపర్ బౌల్‌కు ఒక్క మెట్టు దూరంలో, రేవన్స్ తమ సొంత గడ్డపై కాన్సాస్ సిటీ చీఫ్స్ చేతిలో 10-17 తేడాతో ఓడిపోయింది. ఆ సీజన్‌లో పరుగు ఆటలో దేశంలోకెల్లా మొదటి స్థానం రేవన్స్‌దే. అయినా ఆ రోజు జట్టులోని రన్నింగ్ బ్యాక్‌లు అందరూ కలిసి బంతిని మోసింది ఆరుసార్లు మాత్రమే. తన బలాన్ని తానే మరచిన జట్టుకు, ఆ బలాన్ని విస్మరించడానికి వీలులేని మనిషి కావాలన్నారు వీరు. టెనెసీలో హెన్రీ ఒక్కణ్నే గురిపెట్టి ప్రత్యర్థులు గుమిగూడేవారు. బాల్టిమోర్‌లో పక్కనే జాక్సన్ ఉంటాడు. అతడూ మెరుపువేగంతో పరుగెత్తేవాడే. ఇద్దరినీ ఒకేసారి కాపలా కాయడం ఎవరికి సాధ్యం? ఏనుగు బతికినా వెయ్యే, చచ్చినా వెయ్యే అన్న సామెత అచ్చంగా ఈ పక్షం మనసును చెబుతుంది.

చరిత్ర రెండు పక్షాలకూ సాక్ష్యం చెప్పింది. పిట్స్‌బర్గ్ జట్టుకు నాలుగు సూపర్ బౌల్ విజయాలు చేకూర్చిన ఫ్రాంకో హారిస్, జీతం విషయమై పేచీ వచ్చి 1984లో సియాటిల్ జట్టుకు వెళ్లాడు. అక్కడ ఎనిమిది ఆటలలో 170 గజాలు మాత్రమే పరుగెత్తి, జిమ్ బ్రౌన్ నెలకొల్పిన ఆజన్మ రికార్డుకు రెండువందల గజాల లోపు దూరంలో ఆగిపోయాడు. అత్యధిక గజాల రికార్డు తన పేర రాసుకున్న ఎమిట్ స్మిత్ 2003లో అరిజోనా జట్టులో చేరి ఆ సీజన్‌లో 256 గజాలతో సరిపెట్టుకున్నాడు. ఇది ఒక వైపు. మరొక వైపు, మార్కస్ అలెన్ 1993లో 33వ యేట కాన్సాస్ సిటీకి వెళ్లి 12సార్లు బంతిని గమ్యం దాటించాడు. ఆ జట్టు సూపర్ బౌల్‌కు ఒక్క మెట్టు దూరం దాకా సాగింది. ఏడ్రియన్ పీటర్సన్ కథ మరీ విచిత్రం. 2017లో న్యూ ఆర్లియన్స్ జట్టులో నాలుగు ఆటలకు 81 గజాలు పరుగెత్తి నిరుపయోగి అనిపించుకున్నవాడే, మరుసటి ఏడాది వాషింగ్టన్ జట్టులో 1,042 గజాలు పరుగెత్తాడు. ఒకే మనిషి రెండు వాదాలకూ రుజువైనాడు.

తెల్లవారేసరికి మాయమైన జట్టు

ఒక ఆటగాని రాకపై ఒక నగరం ఇంతగా మథనపడటం దూరాన ఉన్నవారికి వింతగా తోచవచ్చు. బాల్టిమోర్ పూర్వకథ తెలిస్తే ఆ వింత తగ్గుతుంది.

ఈ ఊరికి పూర్వం కోల్ట్స్ అనే జట్టు ఉండేది. 1956 నుంచి 1972 వరకు ఆ జట్టులో ఆడిన జానీ యునైటస్ నగరానికి ఆరాధ్యుడు. అటువంటి మనిషిని జట్టు యాజమాన్యం 1973లో శాన్ డియేగోకు పంపివేసింది. అప్పటికి ఆయన వయసు దాదాపు నలభై. అక్కడ కొద్ది ఆటలే ఆడి, మరుసటి ఏడాది విరమించుకున్నాడు. తమ వీరుడు పరాయి దుస్తులలో వెలవెలబోవడం బాల్టిమోర్ ప్రజలు కళ్లారా చూశారు.

అంతకు మించిన దెబ్బ 1984 మార్చి నెలాఖరున తగిలింది. ఒక రాత్రివేళ సామాన్లు తరలించే లారీలు వచ్చి జట్టు సర్వస్వాన్నీ ఇండియానాపొలిస్ నగరానికి ఎత్తుకుపోయాయి. తెల్లవారి లేచిన ఊరికి జట్టు లేదు. ఆ జట్టు కోసం వాయించే బ్యాండు మాత్రం మిగిలింది. వారి దుస్తులు ఆ సమయాన ఉతికే దుకాణంలో ఉండటంవల్ల తరలిపోలేదట. జట్టు లేకపోయినా ఆ బ్యాండు పన్నెండేళ్లు వాయిస్తూనే వచ్చింది. 1996లో క్లీవ్‌లాండ్ నగరం నుంచి జట్టు ఇక్కడికి తరలివచ్చి రేవన్స్ పేరు ధరించింది. ఒకప్పుడు జట్టును పోగొట్టుకొని విలపించిన ఊరు, మరొక ఊరి విలాపానికి కారణమైంది. ఓడలు బళ్లు, బళ్లు ఓడలు అవుతాయంటే ఇదే.

యునైటస్ విగ్రహం రేవన్స్ క్రీడాప్రాంగణం ఎదుట నిలిచి ఉంది. వయసు మళ్లిన వీరుణ్ని ఊరు దాటించడమంటే ఏమిటో ఆ విగ్రహం కింద గుమిగూడే అభిమానులకు ఒకరు చెప్పనక్కరలేదు. హెన్రీని వద్దన్నవారిలోనూ ఆ జ్ఞాపకం ఉంది, కావాలన్నవారిలోనూ ఉంది. మరొక వీరుని పతనానికి తమ ఊరు వేదిక కాకూడదని మొదటివారి బాధ. పరాయి ఊరు వదులుకున్న వీరునికి తామైనా నీడ ఇవ్వాలని రెండవవారి ఆరాటం.

దేహానికి కట్టిన ధర

ఈ వాదం వెనుక మరొక పెద్ద తగవు దాగి ఉంది. ఈ ఆటను నడిపే నేషనల్ ఫుట్‌బాల్ లీగ్‌లో ప్రతి జట్టూ జీతాలకు వెచ్చించే మొత్తానికి పరిమితి ఉంటుంది. 2017లో అది 16 కోట్ల 70 లక్షల డాలర్లు. 2023 నాటికి 22 కోట్ల 48 లక్షలకు పెరిగింది. అదే కాలంలో, ఒక రన్నింగ్ బ్యాక్‌ను మరో ఏడాది తనవద్దే అట్టిపెట్టుకోవడానికి జట్టు చెల్లించవలసిన నిర్ణీత జీతం కోటి 21 లక్షల నుంచి కోటి 91 వేల డాలర్లకు తగ్గింది. ఆట విసురు వైపు మొగ్గింది; మోసేవాని విలువ పడిపోయింది. యౌవనంలో చౌకగా వాడుకోవడం, దేహం అలసేవేళకు కొత్త కుర్రవాణ్ని తెచ్చుకోవడం జట్లకు అలవాటైంది. ఇలాగైతే ఈ స్థానాన్నే ఆటనుంచి తీసివేయండని 2023 జూలైలో హెన్రీ బహిరంగంగానే వాపోయాడు.

కనుక అతని ఒప్పందంపై జరిగిన చర్చ ఒక్క మనిషిని గురించినది కాదు. కష్టించి అరిగిన దేహానికి ఇంకా ఎంత ధర కట్టవచ్చు అన్నదే అసలు ప్రశ్న.

మైదానం చెప్పిన తీర్పు

2024 సెప్టెంబరు 5న సీజన్ మొదలైంది. తొలి ఆటలో హెన్రీ 46 గజాలు పరుగెత్తాడు, రేవన్స్ ఓడింది. రెండవ ఆట సొంత ఊళ్లోనే, అందులోనూ ఓడింది. వద్దన్న పక్షం గొంతుకు బలం వచ్చింది.

మూడవ ఆట డాలస్‌లో. హెన్రీ 151 గజాలు పరుగెత్తాడు, రేవన్స్ గెలిచింది. సెప్టెంబరు 29న బఫలో బిల్స్ జట్టు బాల్టిమోర్‌కు వచ్చింది. రేవన్స్ చేతికి బంతి వచ్చిన మొట్టమొదటి ప్రయత్నంలోనే జాక్సన్ దానిని హెన్రీకి అందించాడు. ఎదుటి గోడలో చిన్న సందు కనిపించింది. ఆ సందులోంచి దూరినవాడు 87 గజాల తరువాత, గమ్యరేఖ దాటాక గాని ఆగలేదు. రేవన్స్ చరిత్రలోనే అది అతి దీర్ఘమైన పరుగు. ఆ రాత్రి మొత్తం 199 గజాలు. నాలుగేళ్ల క్రితం ఇదే మైదానంలో ఇతణ్ని చూసి మౌనం వహించిన జనం ఈసారి నిలబడి కేకలు వేశారు.

సీజన్ ముగిసేసరికి అతని లెక్క 1,921 గజాలు, 16 టచ్‌డౌన్లు. ముప్ఫై ఏళ్లు నిండిన ఏ రన్నింగ్ బ్యాక్ కూడా అంతకుముందు ఒక సీజన్‌లో అంత దూరం పరుగెత్తలేదు. జాక్సన్‌ను, హెన్రీని ఒకేసారి కాపలా కాయలేరన్న అంచనా అక్షరాలా నిజమైంది.

మరి వద్దన్నవారు పూర్తిగా ఓడిపోయారా? 2025 జనవరి 19న బఫలోలో జరిగిన ప్లేఆఫ్ ఆటలో రేవన్స్ 25-27 తేడాతో ఓడి నిష్క్రమించింది. చివరి ఘడియలో స్కోరు సమం చేయగల బంతి ఒక సహచరుని చేతుల్లోంచి జారిపోయింది. ఆ రోజు హెన్రీ 84 గజాలు పరుగెత్తాడు. దోషం అతనిది కాదు. కాని ఏ కిరీటం కోసం అతణ్ని తెచ్చారో అది రాలేదు. హెన్రీ చేరిన ఆ మార్చిలోనే ఫిలడెల్ఫియా జట్టు తెచ్చుకున్న 27 ఏళ్ల సేక్వాన్ బార్క్‌లీ రెండు వేల గజాలు దాటాడు. ఫిలడెల్ఫియా సూపర్ బౌల్ గెలిచింది.

2025 మే నెలలో రేవన్స్ హెన్రీ ఒప్పందాన్ని మరి రెండేళ్లు పొడిగించింది. ఈసారి విలువ 3 కోట్ల డాలర్లు. ముప్ఫై దాటిన రన్నింగ్ బ్యాక్‌కు అంత ధర పలకడం ఆ వృత్తిలోని వారందరికీ ఊరట కలిగించే విషయం. సెప్టెంబరు 7న, కొత్త సీజన్ తొలి ఆటలో, మళ్లీ బఫలోలోనే, హెన్రీ 169 గజాలు పరుగెత్తాడు. ఆట మూడు నిమిషాలలో ముగియనుండగా బంతి అతని చేతిలోంచి జారింది. రేవన్స్ 40-41తో ఓడింది. తప్పు తనదేనని అతడు ఒప్పుకున్నాడు.

మరునాటి నుంచి బాల్టిమోర్‌లో పాత వాదన మళ్లీ మొదలైంది. వయసు మీద పడిందని ఒకరు, 169 గజాలు కనిపించలేదా అని ఇంకొకరు. జట్టు లేనినాడు సైతం వాయిద్యాలు దించని ఊరది. తమదన్న మనిషిని గురించి తగవులాడటం కూడా అక్కడ అభిమానంలో ఒక భాగమే.